త్రియెస్తే నగర సందర్శన

త్రియెస్తే ఇటలీ దేశపు ఈశాన్య కొసన, ఏడ్రియాటిక్ సముద్రపు ఉత్తరాగ్రంలో ఉన్న రేవు పట్టణం. ఫ్రియూలి-వెనెత్సియా జూలియా అనే స్వయంప్రతిపత్తి గల రాష్ట్రానికి ఇది రాజధాని. జనాభా సుమారు రెండు లక్షలు. నగరానికి ముందు సముద్రం, వెనుక కార్సో అనే సున్నపురాతి పీఠభూమి ఉన్నాయి. ఆ పీఠభూమి మీద కొద్ది కిలోమీటర్లు వెళితే స్లొవేనియా సరిహద్దు వస్తుంది.

ఇటలీకి వెళ్ళే యాత్రికులలో ఎక్కువమంది రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ నగరాలు చూసి తిరిగివస్తారు. వెనిస్ నుండి త్రియెస్తేకు రైలులో రెండు గంటల ప్రయాణమే అయినా ఇక్కడిదాకా వచ్చేవారు తక్కువ. ఈ నగరం ఇటలీలో ఉన్నదని ఇటలీవారిలోనే నూటికి డెబ్బైమందికి తెలియదని 1999లో ఒక అభిప్రాయ సేకరణలో తేలినట్లు జాన్ మోరిస్ అనే వేల్స్ రచయిత్రి త్రియెస్తే గురించిన తన పుస్తకంలో (2001) రాసింది. ఆ లెక్క మాట ఎలా ఉన్నా, పెద్ద పేరున్న శిల్పాలు, చిత్రాల కోసం వెతికేవారికి త్రియెస్తే తగిన చోటు కాదు. ఒక మహాసామ్రాజ్యపు రేవుగా పెరిగి, ఆ సామ్రాజ్యం పోయాక మిగిలిపోయిన ఊరు ఎలా ఉంటుందో చూడగోరేవారికి ఇంతకంటె మంచి నగరం ఇటలీలో దొరకదు. రెండు పూర్తి రోజులు ఉంటే నగరాన్ని, మూడు రోజులు ఉంటే నగరంతో పాటు పీఠభూమిని కూడా చూడవచ్చును.

చరిత్ర

ఈ నగరంలో చరిత్ర తెలియకుండా తిరిగితే ఆస్ట్రియా కట్టడాలు, ఇటాలియన్ మాటలు, సెర్బియన్ గోపురాలు, స్లొవీన్ ఊరిపేర్లు కలగాపులగంగా కనిపిస్తాయి. అందుచేత ప్రయాణానికి ముందే కొంత తెలుసుకొని ఉండడం మంచిది.

రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు తెర్గెస్తే. సాన్ జుస్తో కొండ కింద అప్పటి రంగస్థలం ఇప్పటికీ ఉన్నది. ఇళ్ళ కింద పూడిపోయి ఉండగా 1938లో దానిని తవ్వి తీశారు. మధ్యయుగాలలో పొరుగున ఉన్న వెనిస్ ఒత్తిడి భరించలేక 1382లో త్రియెస్తే ఆస్ట్రియా హబ్స్‌బర్గ్ ప్రభువుల రక్షణ కోరుకున్నది. మధ్యలో నెపోలియన్ సేనలు మూడుమార్లు ఆక్రమించిన కాలం మినహా 1918 వరకు ఆ వంశం ఏలుబడిలోనే ఉన్నది.

1719లో ఆరవ చార్లెస్ చక్రవర్తి దీనిని సుంకాలు లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాడు. ఊరి తలరాత మారింది అప్పటినుండే. ఆయన కుమార్తె మరియా థెరీసా పాలనలో ఉప్పు మడుల స్థానంలో నిలువు అడ్డు వీధులతో కొత్త పేట వెలసింది. దానికి ఇప్పటికీ ఆమె పేరే ఉన్నది. గ్రీకులు, సెర్బులు, యూదులు, ఆర్మీనియన్లు, జర్మన్లు, స్లొవీన్లు వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డారు. ఎవరి మతానికి వారు గుడి కట్టుకున్నారు. 1831లో జెనెరాలి బీమా సంస్థ, 1833లో ఆస్ట్రియన్ లాయిడ్ సంస్థ ఇక్కడ పుట్టాయి. 1857లో వియన్నా నుండి రైలుమార్గం పూర్తయింది. సముద్రమే లేని వియన్నాకు త్రియెస్తే సముద్రద్వారం అయింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక లాయిడ్ వారి స్టీమర్లు బొంబాయి దాకా నడిచాయి.

మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918 నవంబరు 3న, ఇటలీ సైన్యం ఇక్కడ దిగింది. ఎంతోమంది ఇటాలియన్లు కోరుకున్న రోజే అది. అయితే ఆస్ట్రియాకు ఉన్న ఒకే ఒక్క పెద్ద రేవు ఇటలీ చేతిలో అనేక రేవులలో ఒకటయింది. వెనుక ఉన్న దేశం తెగిపోయిన రేవుకు సరుకు ఎక్కడినుండి వస్తుంది? ఆ దెబ్బనుండి నగరం పూర్తిగా ఎన్నడూ కోలుకోలేదు.

తరువాతి పాతికేళ్ళూ చేదు కాలం. 1920 జూలై 13న స్లొవీన్ల సాంస్కృతిక కేంద్రమైన నరోద్ని దోమ్ భవనాన్ని ఫాసిస్టులు తగులబెట్టారు. స్లొవీన్ భాషను బడులనుండి తొలగించారు, ఇంటిపేర్లను ఇటాలియన్‌లోకి మార్పించారు. 1938 సెప్టెంబరు 18న ముస్సోలినీ ఈ నగరపు ప్రధాన కూడలిలోనే యూదులకు వ్యతిరేకమైన జాతి చట్టాలను ప్రకటించాడు. 1943 నుండి జర్మన్లు నేరుగా పాలించారు. 1945 మే 1న యుగోస్లావ్ పార్టిజాన్లు ప్రవేశించి నలభై రోజులు ఉన్నారు. ఆ రోజులలో ఎంతోమంది అరెస్టయి మాయమయ్యారు.

1947 శాంతి ఒప్పందం త్రియెస్తేను ఏ దేశానికీ చెందని స్వేచ్ఛా ప్రాంతంగా చేసింది. దానికి గవర్నరును నియమించవలసిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో పేరు మీద ఒప్పందం కుదరక ఆ పదవి ఖాళీగానే ఉండిపోయింది. నగరం ఉన్న 'ఎ' భాగాన్ని బ్రిటిషు, అమెరికను సైన్యాలు, దక్షిణాన ఉన్న 'బి' భాగాన్ని యుగోస్లావియా పాలించాయి. 1954 అక్టోబరులో లండన్ ఒడంబడిక మేరకు నగరం ఇటలీకి చేరింది. సరిహద్దును చట్టబద్ధంగా ఖాయం చేసిన ఒసిమో ఒప్పందం 1975లో గానీ జరగలేదు. 2007 డిసెంబరులో స్లొవేనియా షెంగెన్ కూటమిలో చేరడంతో ఆ గేట్లు ఎత్తివేశారు.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ నుండి జూన్ మధ్యవరకు, మళ్ళీ సెప్టెంబరు నెల అనుకూలమైన కాలం. జూలై, ఆగస్టులలో ఎండ 30 డిగ్రీలు దాటడం మామూలే. అయితే ఊరంతా సాయంత్రం బార్కోలా గట్టుకు ఈతకు వెళ్ళే దృశ్యం అప్పుడే కనిపిస్తుంది. అక్కడ ఇసుక తీరం లేదు. జనం రోడ్డు పక్క కాలిబాట మీదనే తువ్వాలు పరుచుకొని పడుకుంటారు. నగరం నడిబొడ్డున ఉన్న పెదోచిన్ అనే పాత స్నానఘట్టంలో స్త్రీలను, పురుషులను వేరుచేసే గోడ నూరేళ్ళు దాటినా అలాగే ఉన్నది. దానిని తీసివేయడానికి స్త్రీలే ఒప్పుకోరని నగరంలో చెప్పుకుంటారు.

అక్టోబరు రెండవ ఆదివారం బార్కోలానా అనే తెరచాప పడవల పందెం జరుగుతుంది. 1969లో మొదలైన ఈ పందెంలో 2018లో 2,600కు పైగా పడవలు పాల్గొని గిన్నిస్ రికార్డు నెలకొల్పాయి. పందెం చూడగోరేవారు గదులు నెలల ముందే తీసుకోవాలి. చూడనక్కరలేనివారు ఆ వారం రాకపోవడమే మేలు.

శీతాకాలపు ప్రయాణాన్ని నిర్ణయించేది బోరా అనే గాలి. పీఠభూమి మీద పేరుకున్న చల్లని, బరువైన గాలి ఒక్కసారిగా సముద్రం మీదికి దొర్లిపడడమే బోరా. తూర్పు-ఈశాన్య దిశనుండి విసురుగా వస్తుంది. తీవ్రమైన రోజులలో దాని విసురు గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. మనుషులు పట్టుకొని నడవడానికి పూర్వం వీధి మలుపులలో తాళ్ళు కట్టేవారు. ఆకాశం నిర్మలంగా ఉండగా వీచేదాన్ని తెల్ల బోరా అని, మబ్బు, వాన, మంచుతో వచ్చేదాన్ని నల్ల బోరా అని అంటారు. బోరా రోజున గొడుగు పనికిరాదు. చెత్తడబ్బాలలో విరిగిన గొడుగులు కుప్పపడి ఉండడం ఈ ఊరి వింతలలో ఒకటి. జనవరి, ఫిబ్రవరి నెలలలో వెళ్ళేవారు గాలి చొరని కోటు, చెవులు కప్పే టోపీ తీసుకువెళ్ళాలి. పడవ విహారం వంటివాటికి ముందే డబ్బు కట్టకుండా ఉండడం మంచిది.

చేరుకోవడం

భారతదేశం నుండి నేరుగా విమానాలు లేవు. ఐరోపాలోని ఏదైనా పెద్ద విమానాశ్రయంలో మారి త్రియెస్తేకు, లేదా వెనిస్‌కు చేరుకోవాలి. త్రియెస్తే విమానాశ్రయం నగరానికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలో రోంకి దెయి లెజొనారి అనే ఊరి దగ్గర ఉన్నది. 2018లో విమానాశ్రయానికి ఆనుకొని రైల్వేస్టేషను కట్టారు. పైవంతెన మీదుగా నడిచి వెళ్ళి రైలెక్కితే సుమారు అరగంటలో నగరం చేరవచ్చును.

రైలులో వచ్చేవారు వెనిస్ ద్వీపంలోని స్టేషనులో గాని, బయట ఉన్న మెస్త్రేలో గాని ఎక్కవచ్చు. బండి కదిలే దిశలో కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది. మోన్‌ఫల్కోనే దాటాక మార్గం సముద్రానికి ఎత్తుగా, కొండ అంచున సాగుతుంది. చివరి పావుగంటలో సింధుశాఖ అంతా కనిపిస్తుంది.

భారతీయులకు షెంగెన్ వీసా అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజులకంటె ఆలస్యం చేయరాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ వీసాతో స్లొవేనియాకు కూడా వెళ్ళవచ్చును. అయితే 2023 అక్టోబరులో ఇటలీ ఆ సరిహద్దు మీద తనిఖీలను మళ్ళీ ప్రవేశపెట్టింది. కాబట్టి పీఠభూమి మీది పల్లెలకు షికారు వెళ్ళేటప్పుడైనా పాస్‌పోర్టు హోటలులో వదిలి వెళ్ళకూడదు.

బస కోసం రైల్వేస్టేషనుకు, ప్రధాన కూడలికి మధ్యనున్న థెరీసా పేట అన్నివిధాలా సౌకర్యం. నగరం నడిచి చూసేంత చిన్నది. కొండ మీది గదులు చౌకగా దొరకవచ్చు గాని, పెట్టెలు మోస్తూ మెట్లెక్కడం, బోరా రోజున ఆ మెట్లు దిగడం మరో సంగతి.

ఇంకొక విషయం గమనించాలి. 2021 ఆగస్టులో వెనిస్ నడిబొడ్డు కాలువలలోకి పెద్ద ఓడలను నిషేధించాక వాటిలో కొన్ని త్రియెస్తేకు మళ్ళాయి. ఓడ వచ్చిన రోజున వేలాదిమంది ఒకేసారి ప్రధాన కూడలి పక్కనే దిగుతారు. రేవులో ఓడల రాకల పట్టిక ముందే చూసుకొని, ఆ రోజును పీఠభూమికి కేటాయిస్తే చిక్కు ఉండదు.

నగరంలో చూడదగినవి

పియాత్సా ఉనితా దితాలియా (ఇటలీ ఐక్యతా కూడలి): మూడువైపులా భవనాలు, నాలుగోవైపు సముద్రం. నగరపాలక భవనం (1875), వియన్నా వాస్తుశిల్పి హైన్రిఖ్ ఫాన్ ఫెర్స్టెల్ కట్టిన లాయిడ్ భవనం, బంగారు మొజాయిక్ పనితనం గల ప్రభుత్వ భవనం ఇక్కడ ఉన్నాయి. మధ్యలో ఉన్న ఫౌంటెనులో నాలుగు ఖండాల బొమ్మలే ఉన్నాయి. 1750ల ప్రాంతంలో చెక్కినది కావడంతో ఆస్ట్రేలియాకు అందులో చోటు దక్కలేదు. 1954 తరువాత బతుకుతెరువు కోసం ఈ నగరంనుండి వేలమంది వలసపోయింది ఆ ఆస్ట్రేలియాకే. కూడలిని పగలు ఒకసారి, దీపాలు వెలిగాక మరొకసారి చూడాలి.

మొలో అవుదాచే: కూడలి పక్కనుండి సముద్రంలోకి సాగిన రాతి కట్ట. 1740లో ఇక్కడ మునిగిపోయిన ఒక ఓడ శిథిలమే దీనికి పునాది. 1918లో మొదట వచ్చి ఆగిన ఇటలీ యుద్ధనౌక పేరు దీనికి పెట్టారు. దీనిమీద చేసే పని ఏమీ లేదు. చివరిదాకా నడవడం, కాసేపు నిలబడడం, వెనక్కి రావడం. ఊరివారు ప్రతి సాయంత్రం చేసేదీ అదే.

పెద్ద కాలువ, గుళ్ళు: థెరీసా పేటలోకి ఓడలు సరుకుతో నేరుగా రావడానికి తవ్విన కాలువ ఇది. దాని చివర సాంత్ అంతోనియో చర్చి, పక్కన నీలి గోపురాల సెర్బియన్ ఆర్థొడాక్స్ చర్చి, కొంచెం దూరంలో సముద్రానికి ఎదురుగా గ్రీకుల చర్చి ఉన్నాయి. 1912లో పూర్తయిన యూదుల ప్రార్థనామందిరం ఐరోపాలోని పెద్దవాటిలో ఒకటి. పావుగంట నడకలో ఇన్ని మతాల గుళ్ళు కనబడడం ఇటలీలో అరుదు.

సాన్ జుస్తో కొండ: పక్కపక్కన ఉన్న రెండు చర్చిలను పధ్నాలుగవ శతాబ్దంలో కలిపి ఒకటిగా చేసిన కేథడ్రల్ ఇక్కడ ఉన్నది. లోపల ఎడమ, కుడి భాగాలు ఒకదానితో ఒకటి సరిపోకపోవడానికి అదే కారణం. పక్కనే కోట. ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు రోమన్ రంగస్థలం మీదుగా నడక అనుకుంటే కాళ్ళకు సుఖం.

మిరమారే కోట: నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో సముద్రపు కొస మీద ఉన్న తెల్లని కోట. ఆస్ట్రియా చక్రవర్తి తమ్ముడు మక్సిమీలియన్ 1856లో దీని నిర్మాణం ప్రారంభించాడు. లోపలి అలంకరణ పూర్తికాకముందే, 1864లో, మెక్సికో చక్రవర్తి పదవిని ఒప్పుకొని ఇక్కడినుండే ఓడ ఎక్కాడు. మూడేళ్ళు దాటాక, 1867 జూన్ 19న, మెక్సికో రిపబ్లికన్ సేనలు ఆయనను కాల్చి చంపాయి. భార్య షార్లట్ మతి చలించి 1927 దాకా బతికింది. ఈ కోటలో నిద్రించినవారికి దూరదేశంలో దుర్మరణం తప్పదని ఊరిలో నమ్మకం పుట్టింది. ఓడ గదిలా కట్టించుకున్న ఆయన పడకగది, ఎవరూ కూర్చోని సింహాసన మందిరం చూశాక ఆ నమ్మకం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కోటకు టికెట్టు ఉన్నది, ఉద్యానవనానికి లేదు. సమయం లేనివారు కోట మానుకొని వనం, తీరం చూసినా నష్టం లేదు.

జ్ఞాపక స్థలాలు

యాత్రా పుస్తకాలు సాధారణంగా చివర ఒక వాక్యంలో చెప్పి వదిలేసే ఈ స్థలాలకు ఒక పూట కేటాయించకపోతే త్రియెస్తేను సగమే చూసినట్లు.

రిజియేరా ది సాన్ సబ్బా నగర శివారులో ఉన్న పాత బియ్యపు మిల్లు. 1943 తరువాత నాజీలు దీనిని నిర్బంధ శిబిరంగా మార్చారు. యూదులను ఇక్కడినుండి ఆష్విట్స్ వంటి శిబిరాలకు పంపేవారు. పార్టిజాన్లను, రాజకీయ ఖైదీలను, పట్టుబడిన గ్రామస్తులను ఇక్కడనే చంపి, మిల్లు ఎండుగది పొయ్యిని మార్చి కట్టిన దహనశాలలో కాల్చేవారు. ఇటలీ గడ్డ మీద దహనశాల ఉన్న నాజీ శిబిరం ఇది ఒక్కటే. మృతుల సంఖ్య మూడువేల నుండి ఐదువేల వరకు ఉంటుందని అంచనా. 1945 ఏప్రిల్ చివర పారిపోతూ జర్మన్లు దహనశాలను పేల్చివేశారు. 1965లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. వాస్తుశిల్పి రొమానో బొయికో రూపొందించిన స్మారకం 1975లో తెరిచారు. 11 మీటర్ల ఎత్తైన రెండు కాంక్రీటు గోడల మధ్య ఇరుకు దారిగుండా లోపలికి వెళ్ళాలి. ప్రాంగణంలో దహనశాల ఉన్న చోట ఉక్కు పలక పరిచారు. దాని వెనుక గోడ మీద కూలిన కట్టడపు అచ్చు మిగిలి ఉన్నది. నేరస్తుల మీద విచారణ 1976లో జరిగింది. యావజ్జీవ శిక్ష పడిన శిబిరాధికారి జర్మనీలోనే ఉండి శిక్ష అనుభవించకుండా చనిపోయాడు. ప్రవేశం ఉచితం. చిన్నపిల్లలతో వెళ్ళేవారు ముందుగా ఆలోచించుకోవాలి.

బజోవిత్సా పీఠభూమి మీది పల్లె. ఇక్కడి పాత గని గుంతను 1992లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1945లో యుగోస్లావ్ బలగాలు చంపి లోతైన గుంతలలో (వీటిని ఫోయిబె అంటారు) పడవేసిన వారి జ్ఞాపకార్థం ఇది. మృతుల సంఖ్య గురించి ఇటాలియన్, స్లొవీన్ చరిత్రకారుల మధ్య వాదం ఇప్పటికీ తెగలేదు. ఇదే ఊరిలో కొద్ది దూరాన మరో రాయి ఉన్నది. 1930 సెప్టెంబరు 6న ఫాసిస్టు ప్రభుత్వం కాల్చి చంపిన నలుగురు స్లొవీన్ యువకుల స్మారకం అది. దశాబ్దాలపాటు ఒక రాయి దగ్గరకు వెళ్ళేవారు రెండో రాయి వైపు చూసేవారు కాదు. 2020 జూలై 13న ఇటలీ అధ్యక్షుడు సెర్జొ మత్తరెల్లా, స్లొవేనియా అధ్యక్షుడు బోరుత్ పహోర్ రెండు స్మారకాల ముందూ చేయి చేయి పట్టుకొని నిలబడ్డారు. నూరేళ్ళ క్రితం అదే తేదీన తగులబడిన నరోద్ని దోమ్ భవనాన్ని స్లొవీన్ సమాజానికి తిరిగి ఇచ్చే ఒప్పందం ఆనాడే జరిగింది. బజోవిత్సాకు వెళ్ళేవారు రెండు స్మారకాలనూ చూడడం ఉచితం. ఒకటే చూసి వచ్చేవారికి ఈ సరిహద్దు కథ సగమే తెలుస్తుంది.

సాన్ జొవాన్ని ఉద్యానవనం వేరే రకమైన జ్ఞాపకం. ఇది ఒకప్పటి పిచ్చాసుపత్రి. 1971లో డైరెక్టరుగా వచ్చిన మనోవైద్యుడు ఫ్రాంకో బజాల్యా రోగులను తాళం వేసి ఉంచడం వైద్యం కాదని వాదించి తలుపులు తెరిపించాడు. 1973లో రోగులు, కళాకారులు కలిసి మార్కో కవాల్లో అనే పెద్ద నీలి గుర్రాన్ని తయారుచేసి ఊరేగింపుగా నగరంలోకి తీసుకువెళ్ళారు. 1978 మేలో ఇటలీ పార్లమెంటు చేసిన 180వ చట్టం దేశమంతటా అటువంటి ఆసుపత్రుల మూసివేతకు దారితీసింది. ఇప్పుడు అక్కడ వేలాది గులాబీ మొక్కల తోట, విశ్వవిద్యాలయ విభాగాలు, ఫలహారశాల ఉన్నాయి. మే నెలలో తోట చూడదగినది.

కాఫీ

కాఫీ గింజలు దిగుమతయ్యే ఇటలీ రేవులలో త్రియెస్తే ముఖ్యమైనది. ఇల్లీ కాఫీ సంస్థ 1933లో ఇక్కడ పుట్టింది. భారతదేశపు కాఫీని అత్యధికంగా కొనే దేశం ఇటలీయే కనుక, ఇటలీలో తాగే కాఫీలో మన కొండల గింజలు కలిసి ఉండడం వింత కాదు.

ఇక్కడి కాఫీకి ఇటలీలో మరెక్కడా లేని పేర్లు ఉన్నాయి. తెలియక అడిగినవారు ఒకటి అనుకొని మరొకటి తాగవలసివస్తుంది. మామూలు ఎస్ప్రెస్సోను ఇక్కడ నేరో (నలుపు) అంటారు. కొంచెం పాలనురుగు కలిపిన చిన్న కప్పు కావాలంటే కాపో అని, అదే గాజుగ్లాసులో కావాలంటే కాపో ఇన్ బి అని అడగాలి. మిగిలిన ఇటలీలో కపుచినో అనే పెద్ద కప్పును ఇక్కడ కఫెలాత్తే అనాలి. కపుచినో అని అడిగితే చిన్న కప్పే వస్తుంది. గల్లా దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే ధర పెరుగుతుంది. ఇది దేశమంతటా ఉన్న పద్ధతే.

పాత కాఫీశాలలలో 1830 నాటి తొమ్మజేయో అన్నిటికంటె పాతది. 1914లో తెరిచిన సాన్ మార్కోను మరుసటి ఏడే, ఇటలీ అభిమానుల అడ్డా అని, ఆస్ట్రియా సైనికులు ధ్వంసం చేశారు. తిరిగి తెరిచిన ఆ శాలలో నేడు పుస్తకాల దుకాణం కూడా ఉన్నది. ఒక్క కప్పుతో గంటలకొద్దీ కూర్చొని చదువుకున్నా ఎవరూ లేవమనరు. వాన పడే మధ్యాహ్నానికి ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు.

రచయితలు

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1904 నుండి 1915 వరకు ఎక్కువకాలం త్రియెస్తేలోనే ఉండి, మళ్ళీ 1919-20లో కొన్ని నెలలు గడిపాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, అప్పులు చేస్తూ, ఇళ్ళు మారుతూ "డబ్లినర్స్" కథలలో ఎక్కువభాగం రాసి, "యులిసిస్" నవల మొదలుపెట్టినది ఇక్కడే. ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న రంగుల వ్యాపారి ఎత్తోరె ష్మిత్స్ తరువాత ఈతాలో స్వేవో పేరుతో ఇటలీ పేరెన్నికగన్న నవలాకారుడయ్యాడు. కవి ఉంబెర్తో సాబా నడిపిన పాత పుస్తకాల దుకాణం సాన్ నికొలో వీధిలో ఉన్నది. ముగ్గురి కంచు విగ్రహాలూ వీధులలో నేలమీదనే, జనం మధ్య నడుస్తున్నట్లు నిలబెట్టారు. కాలువ వంతెన మీద జాయిస్‌ను చూడవచ్చును.

భారతదేశంతో సంబంధమున్న మరొకరు రిచర్డ్ బర్టన్. 1872 నుండి 1890లో చనిపోయేవరకు ఆయన ఇక్కడ బ్రిటిషు కాన్సలు. వాత్స్యాయన కామసూత్రాల తొలి ఇంగ్లీషు అనువాదాన్ని 1883లో ఆయన వెలువరించిన కాలం అదే. సంస్కృతంనుండి అసలు పని చేసినవారిలో భగవాన్‌లాల్ ఇంద్రజీ వంటి భారతీయ పండితులు ఉన్నారు.

శాస్త్ర సంస్థలు

పాకిస్తాన్‌కు చెందిన భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో త్రియెస్తేలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించాడు. పేద దేశాల శాస్త్రవేత్తలు స్వదేశం వదలకుండానే కొంతకాలం ఇక్కడికి వచ్చి కొత్త పరిశోధనలు తెలుసుకొని తిరిగి వెళ్ళాలన్నది ఆయన ఉద్దేశం. ఆ విధంగా వచ్చినవారిలో భారతీయులు చాలామంది. వర్ధమాన దేశాల యువ గణితవేత్తలకు ఈ కేంద్రం 2005 నుండి శ్రీనివాస రామానుజన్ పేరిట బహుమతి ఇస్తున్నది. భారతీయ శాస్త్రవేత్త అతీశ్ దభోల్కర్ 2019లో దీనికి డైరెక్టరయ్యాడు. కేంద్రం మిరమారే వనానికి పక్కనే ఉన్నది. పరిశోధన కోసం వెళ్ళే విద్యార్థులు వారాంతంలో ఎక్కడికి వెళ్ళాలని వెతుక్కోనక్కరలేదు.

భోజనం

ఇక్కడి వంట ఆస్ట్రియా, స్లావ్ పద్ధతులకు దగ్గర. యోతా అనేది చిక్కుడు గింజలు, పులియబెట్టిన క్యాబేజీ, బంగాళాదుంపలతో చేసే చిక్కని చారు. బుఫే అనే పాత చిరుతిండి శాలలలో రకరకాల పందిమాంసం పెద్ద కాగులో ఉడికిస్తూ అప్పటికప్పుడు కోసి వడ్డిస్తారు. శాకాహారులు యోతాలో కూడా పందిమాంసం పడుతుందని తెలుసుకొని, అడిగి మరీ తినాలి. బంగాళాదుంప పిండిలో రేగుపండును పోలిన ప్లమ్ పండును పొదిగి ఉడికించే న్యోక్కి, లిప్తావర్ అనే కారపు జున్ను ముద్ద, ప్రెస్నిత్స్ అనే ఎండు పళ్ళ మిఠాయి వారికి తగినవి. జున్నులో ఏముందో పట్టించుకునేవారు అదికూడా అడగాలి.

పీఠభూమి మీద

ఓపిచీనా ట్రాము 1902లో మొదలైంది. నిటారైన కొండ భాగంలో దానిని ఇనుపతాడుతో నడిచే బండి వెనుకనుండి తోస్తుంది. 2016 ఆగస్టులో రెండు ట్రాములు ఢీకొన్నాక ఆగిపోయి, ఎనిమిదేళ్ళు దాటాక 2025 ఫిబ్రవరిలో మళ్ళీ నడిచింది. మరమ్మతులకు ఆగే అలవాటు దానికి ఉన్నది కనుక వెళ్ళేరోజున విచారించుకోవాలి. ఆగితే బస్సు ఉన్నది. ఓబెలిస్కు దగ్గర దిగితే నెపోలియన్ బాట అనే చదునైన కాలిబాట ప్రొసెక్కో వైపు సాగుతుంది. ప్రసిద్ధమైన ద్రాక్షసారాకు పేరిచ్చిన పల్లె ఈ ప్రొసెక్కోయే.

గ్రొత్తా జిగాంతే (మహాగుహ) 1908 నుండి యాత్రికులకు తెరిచి ఉన్నది. లోపలి గది ఎత్తు సుమారు వంద మీటర్లు. ఎండాకాలంలోనూ 11 డిగ్రీల చలి ఉంటుంది కనుక స్వెట్టరు కావాలి. దిగడానికి ఐదువందలు, ఎక్కడానికి దాదాపు అన్నే మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవారు, గుండెజబ్బు ఉన్నవారు మానుకోవాలి. దుయీనో గ్రామం మరికొంత దూరం. జర్మన్ కవి రిల్కె 1912లో అక్కడి కోటలో అతిథిగా ఉండి తన ప్రసిద్ధ స్మృతిగీతాలు ఆరంభించాడు. సముద్రపు కొండచరియ వెంట ఆయన పేరిట ఉన్న సుమారు 2 కిలోమీటర్ల బాట చెప్పులతో నడిచేది కాదు.

పీఠభూమి పల్లెలలో ఓస్మిజా అనే రైతుల సత్రాలు ఉంటాయి. 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి రైతులు తమ సొంత పంట సారాను, తిండిని ఎనిమిది రోజులపాటు పన్ను లేకుండా అమ్ముకోవచ్చునని అనుమతించాడు. స్లొవీన్‌లో ఎనిమిదిని ఓసెమ్ అంటారు. పేరు అందువల్లనే వచ్చింది. ఇప్పుడు రోజులు పెరిగాయి గాని, ఏ రైతు ఇల్లు ఎప్పుడు తెరుస్తాడో వంతుల ప్రకారమే. రోడ్డు కూడలిలో కట్టిన ఆకుల కొమ్మ, దాని కింద ఎర్ర బాణం గుర్తు దారి చూపుతాయి. కొమ్మ వాడిపోయి కనిపించినా లోపల అమ్మకం ఉండవచ్చు. కొమ్మ లేకపోతే మాత్రం తలుపు తట్టకూడదు. చల్లని మాంసం ముక్కలు, ఉడికిన గుడ్లు, జున్ను, రొట్టె మాత్రమే దొరుకుతాయి. వేడి భోజనం ఉండదు. తిరుగు బస్సులు రాత్రి త్వరగా ఆగిపోతాయి కనుక కూర్చునేముందే ఆఖరి బస్సు వేళ చూసుకోవాలి.